సిగ్నల్ ఫుల్.. నెట్ స్లో.. కార్వాన్‌లో ఏం చేయాలి?

ఫోన్‌లో సిగ్నల్ గీతలన్నీ ఉంటాయి. కిరాణా కొట్టులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. గీతలు సిగ్నల్ బలాన్నే చెబుతాయి. టవర్‌పై ఎంతమంది ఉన్నారో చెప్పవు. కార్వాన్ లాంటి ఇరుకు గల్లీల్లో అసలు చిక్కు తరచూ అదే.

ముందు రోజువారీ డేటా అయిపోయిందేమో చూసుకోండి. తర్వాత ట్రాయ్ ‘మైస్పీడ్’ యాప్‌తో పొద్దున, రాత్రి, ఇంట్లో, మేడపై కొలవండి. మేడపై బాగుండి గదిలో పడిపోతే అడ్డు గోడలే. 5జీకి వాడే 3,300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ తరంగాలు గోడలను సులువుగా దాటలేవు. ఫోన్‌ను 4జీకి మార్చి చూడండి. ఎక్కడ కొలిచినా రాత్రిపూటే తగ్గితే టవర్‌పై రద్దీ అనుకోవచ్చు. అప్పుడు సెట్టింగులు ఎన్ని మార్చినా పెద్దగా లాభం లేదు. సిగ్నల్ బూస్టర్లు మాత్రం కొనొద్దు. అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం, పైగా పక్కింటివాళ్ల సిగ్నల్ కూడా చెడుతుంది.

స్పీడ్ ఫలితాల స్క్రీన్‌షాట్లు దాచుకుని 198కి ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబర్ తప్పక అడిగి తీసుకోండి. అది లేకుంటే పై మెట్టు ఎక్కలేరు. పరిష్కారం కాకపోతే అదే కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లొచ్చు. రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ మారకపోతే మీ గల్లీలో ఏ నెట్‌వర్క్ బాగుందో పక్కవాళ్ల ఫోన్లో చూసి, 1900కి ‘పోర్ట్’ మెసేజ్ పంపండి.