కొలువు కోరిన రెండు లేఖలు

పరీక్షలు ముగిసే రోజులలో మా విద్యార్థులు దరఖాస్తు కాగితాలు పట్టుకొని వస్తూ ఉంటారు. ఒకసారి ఒక విద్యార్థి మూడు దరఖాస్తులు చూపాడు. ఒకటి పాఠశాల ప్రయోగశాలలో సహాయకుని పనికి, ఒకటి మందుల కర్మాగారానికి, మరొకటి బ్యాంకుకు. పైనున్న చిరునామా తప్ప మూడింటిలోనూ ఒక్క అక్షరం తేడా లేదు. "ఉన్నది ఉన్నట్లు వ్రాశానండీ. పనిని బట్టి మార్చి వ్రాస్తే అబద్ధమాడినట్లు కాదా?" అని అడిగాడు. ప్రశ్న మంచిదే. దీనికి జవాబు విజ్ఞాన చరిత్రలోనే ఉన్నది.

1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్చి ఫ్లారెన్సు నగరం వదలి మిలాన్ చేరాడు. అప్పటికి అతనికి ముప్పది ఏండ్లు. పేరు వచ్చినది చిత్రకారుడుగా. మిలాన్‌లో అధికారం లుడొవీకో స్ఫోర్జాది. ఆ రోజులలో మిలాన్, ఫెరారా పక్షాన వెనిస్‌తో యుద్ధంలో ఉన్నది. లుడొవీకో కొలువు కోరుతూ లియొనార్డో సిద్ధపరచిన లేఖ చిత్తుప్రతి నేటికీ మిలాన్‌లోని అంబ్రోసియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది.

అందులో చిత్రలేఖనం మొదట కనిపించదు. లేఖలో వరుసగా పది అంశాలున్నాయి. సులభంగా మోసుకుపోగల తేలిక వంతెనలు, కోట చుట్టునున్న అగడ్తల నీరు తోడే ఉపాయాలు, చప్పుడు లేకుండ త్రవ్వే సొరంగాలు, రాళ్లను వడగండ్లవలె కురిపించే ఫిరంగులు, పైకప్పుగల యుద్ధరథాలు, ఫిరంగి దెబ్బలకు తట్టుకొనే నౌకలు - ఇట్లా తొమ్మిది అంశాలు యుద్ధానికి సంబంధించినవే. పదవ అంశంలో శాంతికాలంలో తాను భవనాలు కట్టగలననీ, నీటిని ఒకచోటి నుండి మరొకచోటికి మళ్లించగలననీ చెప్పాడు. ఆ తరువాతనే శిల్పం, చిత్రలేఖనం ప్రస్తావించాడు. లుడొవీకో తండ్రి కీర్తి నిలిచేటట్లు కంచు గుర్రం పోతపోయవచ్చునని కూడ గుర్తుచేశాడు. వీటిలో దేనినైనా నమ్మకపోతే పరీక్షించి చూపుతానన్నాడు.

లియొనార్డో తన అర్హతల జాబితాను అవతలివాని అక్కరను బట్టి అమర్చాడు. నేర్పు అంటే ఇదే. కాని లోపం కూడ ఇందులోనే ఉన్నది. అతని యుద్ధయంత్రాలు చాలా వరకు కాగితంమీది గీతలు. ఆ తరువాత సుమారు 17 ఏండ్లు మిలాన్‌లో పనిచేశాడు. గుర్రానికి పెద్ద మట్టి నమూనా తయారుచేశాడు. కాని 1494లో దానికై సేకరించిన కంచు ఫిరంగుల తయారీకి పోయింది. 1499లో మిలాన్‌ను ఆక్రమించిన ఫ్రెంచి సైనికులు ఆ మట్టి గుర్రాన్ని బాణాలకు గురిగా వాడుకొన్నారు.

ఇక రెండవ లేఖ. 1812లో లండన్‌లో మైకేల్ ఫారడే పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పనివాడు. కమ్మరి కొడుకు, పెద్ద చదువు లేదు. విజ్ఞానశాస్త్ర సేవలో ఏదో ఒక పని, ఎంత చిన్నదైనా సరే, ఇప్పించమని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు వ్రాశాడు. జవాబు రాలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కాని ఎవరిని, దేనికి అడగాలో కూడ తెలియాలి.

ఆ ఏడే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ చేసిన నాలుగు ఉపన్యాసాలు ఫారడే విన్నాడు. విన్నదంతా శుభ్రంగా వ్రాసి, పరికరాల బొమ్మలు గీసి, స్వయంగా అట్ట కట్టి, డిసెంబరులో ఆ పుస్తకాన్ని లేఖతోపాటు డేవీకి పంపాడు. ప్రయోగశాల సహాయకునికి కావలసినదేమి? ప్రయోగాన్ని శ్రద్ధగా గమనించాలి, చూచినది తప్పు లేకుండ వ్రాయాలి, చేతిపని చక్కగా ఉండాలి. "నాకు ఇవి వచ్చును" అని ఫారడే చెప్పుకోనక్కరలేకపోయింది. పుస్తకమే చెప్పింది.

డేవీ పిలిపించి మాట్లాడాడు. అప్పటికి ఖాళీ లేదు. 1813 ఫిబ్రవరిలో అక్కడి సహాయకుడు కొట్లాటలో పని పోగొట్టుకొన్నాడు. మార్చి 1న ఆ స్థానంలో ఫారడే చేరాడు. వారానికి 25 షిల్లింగుల జీతం, ఉండడానికి పై అంతస్తులో గదులు. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నది అతడే. నేడు విద్యుత్కేంద్రాలలో తిరిగే జనరేటర్లకు ఆధారం ఆ సూత్రమే.

మా విద్యార్థితో మాట్లాడగా మరొక సంగతి బయటపడింది. అతడు ఏడాదిపాటు హాస్టలు భోజనశాల జమాఖర్చులు వ్రాశాడు. ఆ మాట మూడు దరఖాస్తులలో ఎక్కడా లేదు! బ్యాంకుకు వ్రాసేటప్పుడు అది మొదట రావాలి. పాఠశాలకు వ్రాసేటప్పుడు ప్రయోగాల రికార్డు, పరికరాలు అమర్చిన అనుభవం మొదట రావాలి. మందుల కర్మాగారానికైతే రసాయన విశ్లేషణలో చేసిన పని. మూడూ నిజాలే, వరుస మాత్రమే వేరు.

కనుక మార్చి వ్రాయడం అబద్ధం కాదు. లేనిది చేర్చడమే అబద్ధం. అవతలివాని అక్కర తెలుసుకోవడం లియొనార్డో వద్ద నేర్చుకోవాలి. చెప్పినదానికి చేసిన పనిని సాక్ష్యంగా చూపడం ఫారడే వద్ద నేర్చుకోవాలి. అయితే చూపడానికి పని ఉండాలి గదా! ఆ దరఖాస్తు వ్రాయడం పరీక్షలైన తరువాత కాదు, నేడు ప్రయోగశాలలో రికార్డు పుస్తకం తెరచినప్పుడే మొదలవుతుంది.