కూతుళ్ళు రాసిన ఊరు

ఇంగ్లండులో ఊరి చరిత్ర రాయటం చాలా పాత అలవాటు. ఎక్కువకాలం ఆ పని చేసింది చర్చి గురువులు, భూస్వాములు, తీరిక ఉన్న పెద్దమనుషులు. ఊరి పేరు ఎలా వచ్చింది, భూములు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయాయి, చర్చి ఎప్పుడు కట్టారు అన్నవి వాళ్ళకు ముఖ్యం. ఇరవయ్యో శతాబ్దంలో ఈ పని విశ్వవిద్యాలయాల్లోకి వచ్చింది. 1948లో లెస్టర్‌లో స్థానిక చరిత్రకు ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టారు. దాన్ని మొదలుపెట్టిన డబ్ల్యు.జి. హాస్కిన్స్, కంచెలూ దారులూ పొలం గట్లూ చూసి ఊరి గతాన్ని చదవటం ఎలాగో 1955లో ఒక పుస్తకం రాసి చూపించాడు. గొప్ప పనే. అయితే ఆ దారుల వెంట రోజూ నీళ్ళు మోసిందెవరు అన్నది ఆ చదువులో పెద్ద ప్రశ్న కాలేదు.

పాత కాగితాల్లో మామూలు ఆడమనిషి కనిపించేది ముఖ్యంగా మూడుసార్లు. చర్చి రిజిస్టరులో బాప్తిస్మం, పెళ్ళి, సమాధి. పదేళ్ళకోసారి జనాభా లెక్కలవాడు ఇంటికి వస్తాడు. భర్త పేరు ఎదురుగా వ్యవసాయ కూలీ అని రాస్తాడు. భార్య పేరు ఎదురుగా చాలాసార్లు ఏమీ రాయడు. 1881 లెక్కల్లోనైతే ఇంటిపని చేసే భార్యలను ఏ వృత్తీ లేనివాళ్ళ వరుసలో కలిపేశారు. తెల్లవారకముందు లేచింది మొదలు చేసిన చాకిరీ అంతా ఒక ఖాళీ గడిలోకి వెళ్ళిపోయింది.

ఆ ఖాళీ గడిలో ఏముందో తెలిసిన మనిషి ఒకరు ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆ తల్లి కూతురు. తల్లి పని చూస్తూ, అందులో సగం తానూ చేస్తూ పెరిగిన పిల్ల. పెద్దయ్యాక ఆమె రాసుకున్న చిన్ననాటి సంగతులను మనం 'జ్ఞాపకాలు' అని పక్కన పెడతాం. చరిత్ర అంటే మరేదో అనుకుంటాం. నా ఉద్దేశంలో ఆ జ్ఞాపకాలే ఊరి చరిత్ర. అవి లేకపోతే ఊళ్ళో సగంమంది ఏం చేస్తూ బతికారో చెప్పే సాక్ష్యం మనకు దాదాపు మిగలదు.

ఫ్లోరా థాంప్సన్ సంగతి చూడండి. ఆమె 1876లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ సరిహద్దులోని జునిపర్ హిల్ అనే చిన్న పల్లెలో ఒక తాపీ పనివాడి ఇంట పుట్టింది. పద్నాలుగేళ్ళకే పక్క ఊరి పోస్టాఫీసులో పనికి వెళ్ళింది. తన పల్లె గురించి రాసిన మొదటి పుస్తకం 'లార్క్ రైజ్' అచ్చయ్యేనాటికి, అంటే 1939లో, ఆమెకు అరవై రెండేళ్ళు. పుస్తకంలో తన పేరు లారా అని మార్చుకుంది. ఊరి పేరూ మార్చింది.

ఆ ఊళ్ళో సుమారు ముప్ఫై ఇళ్ళు. మగవాళ్ళకు పొలం పనిలో వారానికి పది షిల్లింగుల కూలి. మూడు ఇళ్ళకే సొంత నీటి వసతి ఉండేది. మిగతా ఆడవాళ్ళు ఖాళీ స్థలంలో ఉన్న బావి నుంచి భుజాన కావడి వేసుకుని రెండు బకెట్లతో నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. కోతలయ్యాక ఆడవాళ్ళూ పిల్లలూ చేలల్లో రాలిన వెన్నులు ఏరేవాళ్ళు. ఆ పరిగ గింజలు మరకు పంపితే వచ్చే పిండి చలికాలంలో ఇంటిని ఆదుకునేది. కూలి లెక్కల్లో ఆ పిండి లేదు. పది షిల్లింగులతో సంసారం ఎలా గడిచిందన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ పిండిలో ఉంది.

ఇంకో సంగతి ఫ్లోరా చాలా మామూలుగా చెప్తుంది. పన్నెండు పదమూడేళ్ళు దాటిన ఆడపిల్ల ఎవరూ ఆ ఊళ్ళో శాశ్వతంగా ఉండదు. అందరూ పెద్దిళ్ళలో పనికి పోవాల్సిందే. చిన్న ఇంట్లో పడుకునే చోటు చాలదు. ఒక నోరు తగ్గితే తమ్ముళ్ళ కంచంలోకి మరికాస్త వస్తుంది. కొందరు ఆ కొద్ది జీతంలోంచే ఇంటికి పంపేవాళ్ళు. అన్నదమ్ములు ఊళ్ళోనే ఉండి పొలం పని నేర్చుకుంటారు. ఊరంటే ఎవరిది అని అడిగితే ఏం చెప్తాం? ఆడపిల్లకు అది బాల్యం వరకే ఇచ్చిన అద్దె ఇల్లు. ఆమె రాసే ఊరు బాల్యంలోని ఊరే కావటానికి ఇదొక కారణం. ఆ తర్వాత ఆమెను అక్కడ ఉండనివ్వలేదు.

ఈ పుస్తకంలో శాలీ అనే ముసలమ్మ ఉంది. ఆమె చిన్నప్పుడు ఆ పల్లెలో ఆరే ఇళ్ళుండేవి. చుట్టూ పొదలతో నిండిన ఉమ్మడి బయలు. ఆమె తండ్రి ఆవునూ బాతులనూ అక్కడే మేపుకునేవాడు. తర్వాత ఆ బయలుకు కంచెలు పడ్డాయి. ఊళ్ళో అందరూ కూలీలయ్యారు. ఇంగ్లండు గ్రామీణ చరిత్రలో అతి పెద్ద మార్పు ఒక ముసలమ్మ నోట విని ఒక చిన్నపిల్ల దాచుకుంది. లేసు అల్లే క్వీనీ అనే మరో వృద్ధురాలూ ఉంది. దిండు మీద కండెలు ఆడిస్తూ చిన్నతనం నుంచీ అల్లిన ఆమె పని, నాటింగ్‌హాం యంత్రాల లేసు వచ్చాక ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. ఇక్కడ మనకు నరసాపురం గుర్తు రాక మానదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చిన లేసు పని గురించి మరియా మీస్ 1982లో పుస్తకం రాసింది. గంటల తరబడి అల్లి ఎగుమతులకు సరుకు అందించిన ఆడవాళ్ళను తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా ఎలా లెక్కకట్టారో అందులో చూపించింది. ఖాళీ గడి ఒక్క ఇంగ్లండుదే కాదు.

చిన్ననాటి ఊరి గురించి మగవాళ్ళు కూడా అందంగా రాశారు. గ్లాస్టర్‌షైర్‌లోని స్లాడ్ లోయ గురించి లారీ లీ 1959లో రాసిన 'సైడర్ విత్ రోజీ' లక్షలమంది చదివిన పుస్తకం. భర్త వదిలిపోతే తన పిల్లలనూ అతని మొదటి భార్య పిల్లలనూ కలిపి పెంచిన తల్లిని అతను ఎంతో ప్రేమగా చిత్రించాడు. అదే పుస్తకంలో ఊరి కుర్రాళ్ళు కొందరు ఒక అమాయకురాలైన అమ్మాయిని అడవి దారిలో పట్టుకుని బలాత్కరించాలని పథకం వేస్తారు. ఆ అమ్మాయి తిరగబడి రెండు దెబ్బలు వేసి వెళ్ళిపోతుంది. రచయిత దీన్ని కుర్రతనపు వేడుకగా చెప్పి ముందుకు వెళ్ళిపోతాడు. ఆ రోజు తర్వాత ఆ పిల్ల ఆ దారిన మళ్ళీ ఎలా నడిచిందో అతను చెప్పడు. అతను చెప్పింది అబద్ధం కాదు. అది ఒక కొడుకు జ్ఞాపకం. అదే ఊరి జ్ఞాపకంగా చలామణీ కావటంలోనే చిక్కంతా ఉంది.

ఇంకొంచెం ఉత్తరానికి, డార్బీషైర్ కొండల్లోకి వెళ్దాం. ఒక పేద రైతు ఇంట పుట్టిన హన్నా మిచెల్‌కు బడి దక్కింది రెండు వారాలు. అన్నదమ్ముల వంతు పనులు తాను చేసి, అందుకు బదులుగా వాళ్ళు బడి నుంచి తెచ్చే పుస్తకాలు చదువుకుంది. సాయంత్రాలు మగపిల్లలు ఆడుకుంటూనో చదువుకుంటూనో ఉంటే ఆడపిల్లలు కూర్చుని వాళ్ళ మేజోళ్ళ చిరుగులు కుట్టాలి. తనలో మొదటి తిరుగుబాటు అక్కడే పుట్టిందంటుంది హన్నా. పద్నాలుగేళ్ళకు ఇల్లు వదిలింది. కుట్టుపని చేసి బతికింది. ఓటు హక్కు పోరాటంలో పనిచేసింది. 1924లో మాంచెస్టర్ నగరపాలక సభకు ఎన్నికైంది. ఉద్యమ చరిత్రలు ఆమెను సభల్లోంచి మొదలుపెడతాయి. ఆమె మాత్రం తన రాజకీయాలను మేజోళ్ళ బుట్ట దగ్గర మొదలుపెట్టింది.

తూర్పున లింకన్‌షైర్ చిత్తడి నేలల్లో, క్రోలండ్ దగ్గర 1850ల నాటి మాట. శ్రీమతి బరోస్ అనే కూలి స్త్రీ సరిగ్గా ఎనిమిదేళ్ళు నిండిన రోజున బడి మానేసి పొలానికి వెళ్ళింది. రోజుకు పద్నాలుగు గంటలు. నలభై యాభైమంది పిల్లల ముఠాలో అందరికంటే పెద్దది తనే. వెనకాల కొరడాతో మేస్త్రీ. 1867లో పార్లమెంటు ఈ ముఠాల మీద చట్టం చేసింది. ఎనిమిదేళ్ళలోపు పిల్లలను పెట్టకూడదు, ఆడామగా కలిపి పని చేయించకూడదు అంది. ఆ కాలపు అధికారిక నివేదికలు చదివితే పొలానికి వెళ్ళే ఆడపిల్లల శీలం గురించిన బెంగే ఎక్కువ కనిపిస్తుంది. ఆ పొలంలో నిలబడ్డ పిల్లకు గుర్తున్నవి గంటలు, చలి, కొరడా. రెండూ ఒకే ఊరి గురించిన పత్రాలే. ఏది నమ్మాలో మనం తేల్చుకోవాలి.

ఈ గొంతులు అచ్చులోకి రావటం అంత తేలిగ్గా జరగలేదు. శ్రామిక స్త్రీల సహకార గిల్డు తన సభ్యుల చేత రాయించిన కథనాలను మార్గరెట్ లెవెలిన్ డేవిస్ సంపాదకత్వంలో 1931లో పుస్తకంగా తెచ్చారు. బరోస్ కథనం అందులోదే. దానికి వర్జీనియా వుల్ఫ్ ముందుమాట రాసింది. హన్నా మిచెల్ 1956లో చనిపోయింది. ఆమె బతికి ఉండగా ఆ రాతప్రతి అచ్చుకాలేదు. 1968లో మనవడు బయటికి తెచ్చాడు. పంతొమ్మిదో శతాబ్దపు శ్రామికుల ఆత్మకథల మీద డేవిడ్ విన్సెంట్ 1981లో రాసిన పుస్తకానికి 142 ఆత్మకథలు ఆధారం. అందులో స్త్రీలవి ఆరు.

వామపక్ష చరిత్రకారుల మధ్య కూడా పరిస్థితి ఇలాగే ఉండేది. ఆక్స్‌ఫర్డ్‌లోని రస్కిన్ కళాశాలలో శ్రామికుల చరిత్ర మీద జరిగిన ఒక సమావేశంలో, స్త్రీల చరిత్ర మీద మాట్లాడుకుందాం రండి అని షీలా రోబోతం ప్రకటిస్తే మగవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకు జవాబుగా మొదలైన ప్రయత్నమే 1970లో అదే కళాశాలలో బ్రిటన్ మొదటి జాతీయ స్త్రీ విముక్తి మహాసభగా మారింది. 1975లో విరాగో ప్రచురణ సంస్థ తన మొదటి పుస్తకంగా మేరీ ఛాంబర్లిన్ 'ఫెన్‌విమెన్'ను ఎంచుకుంది. కేంబ్రిడ్జ్‌షైర్ చిత్తడి నేలల్లోని ఒక ఊళ్ళో ముసలివాళ్ళ నుంచి బడిపిల్లల వరకూ ఆడవాళ్ళు చెప్పుకున్న మాటలవి. ఆమె కూడా ఊరి పేరు మార్చింది. నిజం చెప్పటానికి పేరు దాచాల్సి రావటం ఆడవాళ్ళ ఊరి చరిత్రలో మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. చెప్పినవాళ్ళు ఆ ఊళ్ళోనే, ఆ మనుషుల మధ్యే బతకాలి మరి.

అయితే కూతురు రాసిందంతా తల్లి పక్షాన ఉంటుందనుకోకూడదు. ఈ చిక్కును ధైర్యంగా పట్టుకున్నది కెరోలిన్ స్టీడ్మన్. 1986లో వచ్చిన ఆమె పుస్తకం 'లాండ్‌స్కేప్ ఫర్ ఎ గుడ్ వుమన్' 1950ల దక్షిణ లండన్ బాల్యం గురించి. ఆమె తల్లి నేత మిల్లుల పట్టణం బర్న్‌లీలో పెరిగింది. రిచర్డ్ హోగార్ట్ లాంటివాళ్ళు 1957 నాటికే శ్రామిక వాడల తల్లిని పొయ్యి పక్కన కూర్చున్న చల్లని తల్లిగా నిలబెట్టేశారు. స్టీడ్మన్ తల్లి అలా లేదు. ఆమెకు కోపం, అసూయ, అసంతృప్తి. మీటర్ల కొద్దీ గుడ్డతో కుట్టే కొత్త ఫ్యాషను గౌను కావాలని కోరిక. 1951లో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త ఒకామె వచ్చి, ఈ ఇల్లు పసిబిడ్డకు తగదని చెప్పి వెళ్ళిపోతే ఆ తల్లి ఏడ్చింది. నాలుగేళ్ళ కూతురు చూసింది. ఆ చూపులోంచే వర్గం అంటే ఏమిటో స్టీడ్మన్ రాసింది. తల్లిని క్షమించటం కోసమో పూజించటం కోసమో రాయలేదు. ఆమెకు ఏం కావాలనిపించిందో, ఎందుకు దొరకలేదో అడిగింది. కూతుళ్ళ జ్ఞాపకం తీపి తలపోతగా మారకుండా చరిత్రగా నిలబడేది ఈ ప్రశ్న దగ్గరే. లార్క్ రైజ్ కథను 2008 నుంచి 2011 దాకా బీబీసీ అందమైన సీరియల్‌గా చూపించింది. కావడి మోసిన భుజం నొప్పి అంత అందంగా కనిపించే విషయం కాదు.

మనకు ఊరి చరిత్రలు కొత్త కాదు. స్కాట్లండు నుంచి వచ్చిన కాలిన్ మెకంజీ రెండు వందల ఏళ్ళ కిందట కావలి సోదరుల సాయంతో తెలుగు ఊళ్ళ కైఫీయత్తులు సేకరించాడు. వాటిలో ఎక్కువ వినిపించేది కరణాల మాట. రాజులు, గుళ్ళు, మాన్యాలు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు ఆ వరుస తప్పింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు అడవినీ తుపాకీనీ గురించి చెప్పినంత వివరంగా, పోరాటం ముగిశాక మళ్ళీ వంటింట్లోకి పొమ్మన్న సంగతీ చెప్పారు. రస్కిన్‌లో నవ్విన నవ్వు ఇక్కడ వాళ్ళకూ తెలుసు.

ఇప్పుడు మన దగ్గర గ్రామ చరిత్రలు ఉత్సాహంగా రాస్తున్నారు. సంతోషమే. ఊరి పెద్దలను అడిగి రాసేటప్పుడు కొన్ని చిన్న ప్రశ్నలు కూడా జోడిస్తే బాగుంటుంది. నీళ్ళు ఎక్కడి నుంచి, ఎవరు, ఎన్నిసార్లు తెచ్చారు? ఏ బావి దగ్గరికి ఎవరిని రానివ్వలేదు? ఆడపిల్ల ఎన్నో తరగతిలో ఆగింది, ఆ పుస్తకాలు ఎవరికి వెళ్ళాయి? అమ్మకు ఏం కావాలని ఉండేది? మొదటి మూడింటికి జవాబులు ఎలాగోలా దొరుకుతాయి. నాలుగోదాన్ని ఆమె బతికి ఉండగా అడగాలి.