బడ్జెట్లో బీచి: దుగరాజపట్నం నుంచి మసాయి మారా దాకా

ఈసారి బోనస్ కాస్త గట్టిగానే వచ్చింది. పెళ్లయి పదేళ్లయింది కాబట్టి ఈ డబ్బుల్ని మళ్లీ హోమ్ లోన్లో పొయ్యనిచ్చేది లేదని మా ఆవిడ ముందే తేల్చి చెప్పేసింది. ఆవిడకి సముద్రం కావాలి. మావాడికి సింహాలు కావాలి. నాకు రెండూ బడ్జెట్లో కావాలి. సాఫ్టువేరు వాణ్ణి కదా, వెంటనే ఎక్సెల్ షీటు తెరిచాను.

షీటు మొదలెట్టాక గానీ సంగతి తెలియలేదు. కెన్యాలో మసాయి మారా పార్కులోకి అడుగుపెట్టడానికే విదేశీ పెద్దవాళ్లకి జూలై నుంచి డిసెంబరు దాకా మనిషికి రోజుకి 200 డాలర్లట (2024లో పెంచారు), మిగతా ఆర్నెల్లు 100. అది లాడ్జి అద్దెలో కలిసుందో లేదో చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. మంచి లాడ్జిలంటే మనిషికి రాత్రికి వెయ్యి డాలర్లు దాటేవి కొల్లలు. ఇంతకుముందు ఒకసారి ఓ బీచి రిసార్టులో (పేరు చెప్పను) "అన్నీ కలిపే" అని బుక్ చేసుకుని వెళ్తే, వచ్చేటప్పుడు బిల్లులో మంచినీళ్ల సీసాలకి కూడా విడిగా వేశారు. అప్పట్నుంచీ షీట్లో "దాచిన ఖర్చులు" అని ఒక కాలమ్ పెట్టడం అలవాటైంది.

నాయన మా దగ్గరే ఉన్నారు ఆ వారం. రిటైరైన సోషలు మాస్టారు, కోట దగ్గర పల్లెలో పుట్టిన మనిషి. వారం రోజులు నన్ను గమనించి, చివరికి ఉండబట్టలేక అడిగారు.

"ఏందబ్బయా, ఆ డబ్బా ముందర కూచుని ఏం వెతకతా ఉండావు?"

"సముద్రం ఒడ్డు నాయనా. మంచిది, చౌకలో."

ఆయన నవ్వి, "మన ఒడ్డున తెల్లోళ్లు నాలుగొందల ఏళ్ల కిందటే ఈ పని చేశార్రా. దుగరాజపట్నం పోయి చూడు," అన్నారు.

నెల్లూరు జిల్లా వాణ్ణయ్యుండి నేను దుగరాజపట్నం చూడలేదు. మైపాడు వెళ్లాను, చిన్నప్పుడు శ్రీహరికోట రాకెట్టుని డాబా మీదనుంచి చూశాను, అంతే. ఆ రాత్రి సఫారీ పేజీలు మూసేసి చరిత్ర పుస్తకాలు తెరిచాను. చదివేకొద్దీ అదంతా నా ఎక్సెల్ షీటులాగే కనపడింది.

కథ పులికాట్ దగ్గర మొదలవుతుంది. మనవైపు పెద్దవాళ్లు ప్రళయకావేరి అంటారే (స.వెం.రమేశ్ గారి "ప్రళయకావేరి కథలు" చదివినవాళ్లకి తెలుసు), ఆ సరస్సు ముఖద్వారం దగ్గరి ఊరు. 1610లో డచ్చివాళ్లు చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలుతున్న వెంకటపతిదేవరాయల దగ్గర అక్కడ వ్యాపారం చేసుకోవడానికి అనుమతి సంపాదించారు. 1611లో "గ్లోబ్" అనే ఇంగ్లీషు ఓడ అక్కడికొస్తే, ఇక్కడ మేం తప్ప ఇంకెవరూ కొనడానికి లేదు పొమ్మన్నారు. ఇంగ్లీషువాళ్లు చేసేదిలేక పైకెళ్లి నిజాంపట్నంలో, బందరులో దుకాణం పెట్టుకున్నారు. డచ్చివాళ్లు 1613లో పులికాట్లో గెల్డ్రియా కోట కూడా కట్టేశారు.

బందరులో సరుకు బాగానే ఉంది గానీ గోల్కొండ అధికారుల వసూళ్లు భరించలేకపోయారు. అందుకని ఇంగ్లీషువాళ్లు ఇంకో చోటు వెతికారు. వాళ్ల రిక్వైర్‌మెంట్స్ ఏంటో ఊహించడం కష్టమేం కాదు. చుట్టుపక్కల నేతగాళ్లుండాలి, ఓడలు నిలవాలి, స్థానిక నాయకుడు తక్కువ సుంకం తీసుకోవాలి, డచ్చివాళ్ల జోక్యం ఉండకూడదు. 1626లో ఆ చోటు దొరికింది. అదే దుగరాజపట్నం, వాళ్ల కాగితాల్లో ఆర్మగాన్. అక్కడి ఆరుముగం మొదలియారు అనే ఆయన సాయం చేశాడని ఆయన పేరే పెట్టారని చెబుతారు. ఒడ్డుకి దూరంగా నీళ్లలో ఇసకతిన్నె ఒకటుంటుంది, దాని చాటున ఓడలకి కాస్త రక్షణ. డజను ఫిరంగులతో చిన్న కోట లాంటిది కట్టుకున్నారు. మనదేశంలో ఇంగ్లీషు కంపెనీ కోట కట్టుకున్న మొదటి చోటు ఇదే అంటారు. మద్రాసు కాదండీ, మన వాకాడు పక్క ఊరు!

1628లో బందరు వదిలేసి అందరూ ఇక్కడికే చేరారు కూడా. కానీ ఇక్కడ దొరికే బట్ట అంత నాణ్యంగా లేదు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా 1630లలో "బంగారు ఫర్మానా" ఇచ్చి సుంకాల బాధ తప్పించేసరికి బందరు మళ్లీ లాభసాటి అయింది. ఆర్మగాన్ బోసిపోయింది.

అప్పుడు ఆర్మగాన్‌లో ఉన్న పెద్ద గుమాస్తా ఫ్రాన్సిస్ డే. ఆయన పడవేసుకుని దక్షిణంగా తీరమంతా చూసుకుంటూ వెళ్లాడు. మద్రాసపట్నం అనే పల్లె దగ్గర ఆగాడు. పక్కనే శాంథోమ్‌లో ఆయనకి ఒక ప్రియురాలు ఉండబట్టే ఆ చోటు నచ్చిందని ఆ రోజుల్నుంచే ఒక పుకారుంది, అది వేరే సంగతి. బీచి రేటింగు చూస్తే మద్రాసుకి రేవే లేదు. ఓడలు దూరంగా నిలబడితే సరుకునీ మనుషులనీ మసూలా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకి చేర్చాలి, ఏ అల తిరగేస్తుందో తెలియదు. అయినా డే ఎందుకు ఒప్పుకున్నాడంటే ఒకే ఒక్క అంకె: అక్కడ బట్ట మిగతా చోట్లకన్నా 20 శాతం చౌక. 1639 ఆగస్టు 22న దామెర్ల వెంకటాద్రి నాయకుడు పట్టా ఇచ్చాడు. 1640 ఫిబ్రవరిలో ఆర్మగాన్ సామాను సర్దుకుని మద్రాసుకి మారిపోయారు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరుమీద చెన్నపట్నం అయింది.

ఇక్కడే నాకు నవ్వొచ్చింది. కోట ఖర్చు నాయకుడే పెట్టుకుంటాడని కంపెనీవాళ్లు నమ్మారు. తీరా చూస్తే అలాంటిదేం లేదని తేలింది. లండన్లో డైరెక్టర్లు ఈ ఖర్చేంటని గొణిగారు. నా మంచినీళ్ల సీసా బిల్లే, కాస్త పెద్ద సైజులో!

నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఎందుకంటే ఆ షీట్లలో లేని కాలమ్ ఇంకొకటుంది. 20 శాతం చౌక అంటే ఆ 20 శాతం ఎవరో ఒకరు తక్కువ తీసుకున్నారన్నమాట. మద్రాసు లేచాక నేతగాళ్ల కుటుంబాలు వందల్లో అక్కడికి తరలి వచ్చాయి. పక్కన పులికాట్లో అయితే డచ్చివాళ్లు బట్టతోపాటు మనుషుల్ని కూడా కొన్నారు. ఈ తీరంలో కరువొచ్చినప్పుడల్లా పిల్లల్నీ తమనీ అమ్ముకునే జనం పెరిగేవాళ్లు, ధర పడిపోయేది. అలాంటి ఏళ్లలో వేలమందిని బానిసలుగా ఓడలెక్కించి బటావియాకి తోలారు. మనం "ఆఫ్ సీజన్ డిస్కౌంట్" అని సంతోషపడతాం చూడండి, ఆ లెక్కల పుస్తకంలో కరువే ఆఫ్ సీజను. ఇది చదివాక కాసేపు ఏ పేజీ తెరవబుద్ధి కాలేదు.

తర్వాతి శతాబ్దాల్లోనూ ఈ ఒడ్డుని ఎవరో ఒకరు ఏదో ఒక లెక్కతో ఎంచుకుంటూనే ఉన్నారు. బకింగ్‌హామ్ కాలవ తీసుకోండి. 1806లో మద్రాసు నుంచి చిన్నగా మొదలై, మన తీరం పొడుగునా సాగింది. 1877-78 కరువులో, గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ హయాంలో, మద్రాసు ఊరి మధ్య ముక్కని కరువుపనుల కింద తవ్వించి ఉత్తరం కాలవనీ దక్షిణం కాలవనీ కలిపారు. ఆ కరువులోనే మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలునని రిచర్డ్ టెంపుల్ లెక్కకట్టింది. ఆ కాలవలోనే శ్రీహరికోట అడవి కట్టెలు పడవల్లో వెళ్లి మద్రాసు పొయ్యిల్లో మండేవి. ఆ అడవిలో తేనె, మందుమొక్కలు ఏరి బతికింది యానాదులు.

1969లో రాకెట్ల కోసం శ్రీహరికోటని ఎంచుకున్నారు. అప్పటి షరతులు కూడా మన ఫిల్టర్లలాగే ఉంటాయి. తూర్పు తీరం కావాలి, భూమి తిరిగే వేగం కలిసొస్తుంది. ఎదురుగా ఖాళీ సముద్రం కావాలి. జనం తక్కువుండాలి. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి సౌండింగు రాకెట్ ఎగిరింది. నేను డాబా మీద చప్పట్లు కొట్టినవాణ్ణే, ఇప్పటికీ కొడతాను. ఆ ఎంపిక తప్పని అనడం లేదు. కానీ "జనం తక్కువ" అంటే "ఎవరూ లేరు" అని కాదు. ఆ తక్కువ జనం యానాదులు. వాళ్లని అక్కణ్ణుంచి కదిలించారు. ఈ మాట మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు. నాయన చెప్పుంటారు, నేనే విని ఉండను.

దీన్నుంచి మళ్లీ సఫారీ పేజీలకి వచ్చాను. ఈసారి అదే ప్రశ్నతో: ఈ ఖాళీ గడ్డిమైదానంలో ఇంతకుముందు ఎవరుండేవాళ్లు? సమాధానం దాదాపు అచ్చు అలాగే ఉంది. 1904లో ఒక ఒప్పందం పేరుతో మసాయిలని రిఫ్ట్ లోయలోంచి తప్పించి ఆ భూముల్ని తెల్ల రైతులకిచ్చారు. ఉత్తరాన లైకిపియాలో ఉండండి, ఇది మీకే శాశ్వతం అన్నారు. 1911లో ఇంకో ఒప్పందం రాసి అక్కణ్ణుంచి కూడా దక్షిణానికి తోలారు. ఆ లైకిపియాలో ఇప్పుడు ఖరీదైన సఫారీ లాడ్జిలున్నాయి. నేను షీట్లో "ప్రశాంతత: 5/5" అని రాసుకున్న లాడ్జి అక్కడిదే.

తర్వాతి శనివారం నాయనని, మా ఆవిణ్ణి, పిల్లాణ్ణి తీసుకుని బయల్దేరాను. ముందు దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. 1976 నుంచి అది పక్షుల రక్షిత కేంద్రం. నీళ్లలో సగం మునిగిన చెట్లమీద గూడబాతులు కాపురం పెట్టుకుని ఉన్నాయి. పిట్టల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువుతో సమానమని ఆ ఊళ్లోవాళ్లు వాటి జోలికి పోరు. ఊరివాళ్లని ఖాళీ చేయించకుండా కూడా ఒక సఫారీ ఉండొచ్చన్నమాట! సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకి రెండుపక్కలా నీళ్లలో ఫ్లెమింగోలు. కెన్యాలో నకూరు సరస్సు చూడ్డానికి వెళ్లేది కూడా ఫ్లెమింగోల కోసమే కదా అని మా ఆవిడ అంది, కొంచెం వెటకారంగానే.

చివరికి దుగరాజపట్నం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ పక్క మండలాలు తిరుపతి జిల్లాలోకి పోయాయి గానీ నాయన దృష్టిలో అది ఇప్పటికీ నెల్లూరే. కోట ఆనవాలు నాకేం కనపడలేదు. ఇసక, పడవలు, వలలు బాగుచేసుకుంటున్న మనుషులు, గాలి. 2014 విభజన చట్టంలో ఇక్కడ పెద్ద ఓడరేవు కడతామని, 2018 ఆఖరుకల్లా మొదటి దశ పూర్తవుతుందని రాశారు. 2018 వచ్చింది, పోయింది, రేవు రాలేదు. 1640లో ఒకసారి, ఇప్పుడోసారి, రెండుసార్లు షార్ట్‌లిస్టయి పక్కన పెట్టించుకున్న ఊరు. నాయన ఇసకలో కూచుని, "వాళ్లు ఇక్కడే ఉండిపోయుంటే మనూరే మద్రాసు అయ్యుండేదిరా," అన్నారు. కాసేపాగి, "కాకపోవడమే మంచిదైందేమోలే," అని ఆయనే అన్నారు. వలల దగ్గర మనుషుల్ని చూస్తూ అన్నారా మాట.

ఇంతకీ మా ప్రయాణం ఏమైందంటారా? ఆఫ్రికా మానుకోలేదు. మావాడికి సింహం బాకీ ఉంది. కానీ షీట్లో ఒక కాలమ్ పెరిగింది: "ఈ నేల ఎవరిది, అద్దె ఎవరికి పోతుంది?" ఆ కాలమ్ పెట్టాక చాలా అందమైన లాడ్జిలు ఎగిరిపోయాయి. మసాయి మారా చుట్టుపక్కల కన్జర్వెన్సీలని ఉన్నాయి, మసాయిల సొంత భూములే, క్యాంపులవాళ్లు వాళ్లకి నెలనెలా కౌలు కట్టి నడుపుతారు. 2010లో మొదలైన నబోయిషోలో అయితే ఐదొందలమందికి పైగా మసాయి భూయజమానులున్నారు. అలాంటి చోట రాత్రికి రేటెక్కువే. ఐదు రాత్రుల్ని మూడు చేస్తే మా బడ్జెట్లో పడుతుంది. వచ్చే ఏడాదికి అదీ ప్లాను.

మీరు కూడా ఇలాంటి షీటేదైనా తయారు చేసుకుంటుంటే ఆ కాలమ్ ఒకటి పెట్టి చూడండి. ధర చౌకగా కనపడిన ప్రతిచోటా ఆ మిగతా డబ్బులు ఎవరు కడుతున్నారో కాస్త తెలుస్తుంది. ఈలోపు మనవైపొస్తే నేలపట్టు, దుగరాజపట్నం చూసి రండి, అక్టోబరు నుంచి మార్చి లోపు. ఖర్చంటారా, మా నలుగురికీ కారు పెట్రోలు, చేపల పులుసు భోజనం. షీటు అక్కర్లేదు.