కథల కరువు కాదు

హాలీవుడ్డు తీసిన చిత్రాన్నే మళ్ళీ తీస్తూంటే, అక్కడ ఊహలు అడుగంటాయని మన విద్యార్థి మిత్రులు తేల్చేస్తున్నారు. నేను ఒప్పుకోలేను. డాషియల్ హామెట్ నవల ‘మాల్టీస్ ఫాల్కన్’ 1930లో వచ్చింది. హక్కులు కొన్న వార్నర్ బ్రదర్స్ కంపెనీ దాన్ని 1931, 1936, 1941లలో మూడుసార్లు తీసింది. కొన్న కథ పాడిగేదె వంటిది, ఎన్నిసార్లైనా పితుక్కోవచ్చు. అయినా ఆ మూడింటిలో మూడోదే గొప్పది. తిరిగి చెప్పడం నేరమైతే మన రామాయణ కవులందరూ దోషులే! కాని మొల్ల తన కావ్యం కోసం ‘రంగనాథ రామాయణం’ తాళపత్రాలను తగలబెట్టలేదు.

హాలీవుడ్డు అంతపనీ చేయబోయింది. 1939లో ఫ్రెంచి దర్శకుడు మార్సెల్ కార్నే ‘ల జూర్ స లేవ్’ తీశాడు. అంటే ‘తెల్లవారుతున్నది’. హత్యచేసిన కార్మికుడు గదిలో తలుపు బిగించుకుంటాడు, కింద పోలీసులు. తెల్లవారేసరికి తన్ను తానే కాల్చుకుంటాడు. నిరాశ నూరిపోస్తున్నదని విషీ ప్రభుత్వం దీన్ని నిషేధించింది. తర్వాత 1947లో ఆర్.కె.ఓ. కంపెనీ ఇదే కథను ‘ది లాంగ్ నైట్’గా విడుదల చేస్తూ, పోటీ లేకుండా పాత చిత్రం ప్రతులన్నీ కొని నాశనం చేయబూనింది. ప్రభుత్వం చేసినదాన్ని నిషేధమన్నాం. దీన్ని మాత్రం వ్యాపారమంటున్నాం.

కొత్త చిత్రంలో కార్మికుడు చావడు. ప్రియురాలు నచ్చజెప్పగా లొంగిపోతాడు.

అదృష్టవశాత్తు 1950ల నాటికి ఫ్రెంచి చిత్రం మళ్ళీ బయటపడింది. ఆ రెండు ముగింపులనూ పక్కపక్కన పెట్టి చూడమని మా విద్యార్థులకు చెబుతున్నాను.