సోడా రొట్టె: ఒక సంప్రదాయం వయస్సు

సంప్రదాయం అనే మాట మన సాహిత్య విమర్శలో ధారాళంగా దొర్లుతుంది గాని దానికి తేదీ వేసేవాళ్లు తక్కువ. ఎప్పటి సంప్రదాయం, ఎవరి సంప్రదాయం అని అడిగితే తాతల కాలం నుంచీ ఉన్నదేననే జవాబు వస్తుంది. ఆ జవాబు ఎంతదూరం నిలుస్తుందో చూడటానికి నేనిక్కడ ఒక రొట్టెను తీసుకుంటున్నాను. ఐర్లండు ప్రజలు తమ వారసత్వంగా చెప్పుకునే సోడా రొట్టె అది. కావ్యాన్నో నవలనో పట్టుకోక రొట్టెను పట్టుకోవడమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. కావ్యం తేదీ గురించి పండితులు తరతరాలు తగవులాడుకుంటారు. రొట్టె తేదీని అందులో పడిన సరుకులే చెబుతాయి.

సరుకులు నాలుగే: గోధుమపిండి, ఉప్పు, మజ్జిగ, వంటసోడా. మొదటి మూడూ ఆ దేశంలో వేల ఏళ్లుగా ఉన్నవే. నాలుగోది కర్మాగారపు సరుకు. ఉప్పునుంచి సోడా తీసే పద్ధతికి 1791లో ఫ్రాన్సులో నికొలా లెబ్లాంక్ పేటెంటు పొందాడు. విప్లవ ప్రభుత్వం అతని కర్మాగారాన్ని స్వాధీనం చేసుకుంది. 1806లో అతడు ఆత్మహత్య చేసుకున్నాడు. మనిషి పోయినా పద్ధతి బతికింది. బ్రిటన్‌లో దానికి అడ్డంగా నిలిచింది ఉప్పుపన్ను. 1825 నాటికి ఆ పన్ను పూర్తిగా పోయింది. డబ్లిన్‌లో పుట్టిన జేమ్స్ మస్‌ప్రాట్ ఆ రోజుల్లోనే లివర్‌పూల్‌లో సోడా కర్మాగారం పెట్టాడు. (తమ దేశంలో తీసేసిన ఉప్పుపన్నును ఆ పాలకులే మన దేశంలో మరో నూరేళ్లకు పైగా వసూలు చేశారు.) 1836లో ఉత్తర ఐర్లండులోని న్యూరీ పట్టణపు పత్రికలో సోడా రొట్టె చేసే విధానం అచ్చయింది. అంటే ఈ ‘ప్రాచీన’ వంటకం మన బ్రౌను దొర తెలుగు వ్రాతప్రతులు పోగుచేస్తున్న తరానిది!

అయితే కర్మాగారం సోడాను ఇచ్చింది గాని రొట్టెను ఇవ్వలేదు. రొట్టెకు కారణాలు కౌలురైతు పూరింట్లో ఉన్నాయి. ఐర్లండు తేమనేలలో పండే గోధుమ మెత్తనిది, దాని పిండికి సాగుడు తక్కువ. ఈస్టుతో పొంగించే రొట్టెకు అది అంతగా పనికిరాదు. పేద ఇళ్లలో రొట్టెల పొయ్యి లేదు. పీట్ మట్టిగడ్డల నిప్పుమీద వేలాడే బాస్టిబుల్ అనే మూత ఇనుపకుండ ఉంది. మూతమీద కూడా నిప్పులు పోస్తే అదే పొయ్యి అయ్యేది. ఇక మజ్జిగ. 1770లో ఏర్పడిన కార్క్ నగరపు వెన్న బజారు పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. పల్లెలో ఆడవాళ్లు చిలికిన వెన్న పీపాలకెక్కి ఓడల్లో పోయేది. దాని డబ్బు చాలామటుకు భూస్వామి కౌలుకిందికి పోయేది. చిలికినవాళ్లకు మిగిలింది మజ్జిగ. ఆ రొట్టె రుచిని పొగిడే వంట పుస్తకాల్లో ఈ వాక్యం కనిపించదు.

సోడా రొట్టె మహాక్షామంలో పుట్టిందని, ఆకలి దాన్ని కనిపెట్టిందని ఒక కరుణామయమైన కథ ప్రచారంలో ఉంది. దీన్ని నేను ఒప్పుకోను. 1845లో బంగాళాదుంపకు తెగులు సోకినప్పుడు చచ్చిపోయినవాళ్లకు గోధుమపిండి ఎక్కడిది? దుంపా మజ్జిగా తిని బతికిన ఆ జనంలో 1852 నాటికి సుమారు 10 లక్షలమంది చనిపోయారు, మరో 10 లక్షలమంది దేశం విడిచిపోయారు. ఆ ఏళ్లలోనూ ధాన్యం, వెన్న ఎగుమతి అవుతూనే ఉన్నాయి. సోడా రొట్టె పల్లెపల్లెకూ పాకింది క్షామం తర్వాత, దుంపమీద ఆధారం సడలి, కొన్న పిండి, తేయాకు పేదల ఇళ్లలోకి వచ్చిన కాలంలో. ఆకలికి కథలు కట్టడం సులభం. ఆకలినాడు పిండి ఎవరి గాదెలో ఉందో చెప్పడం కష్టం.

ఆ క్షామ సహాయాన్ని లండన్ ఖజానా కార్యాలయం నుంచి నడిపినవాడు ఛార్లెస్ ట్రెవెల్యాన్. మార్కెట్టు తన పని తాను చేసుకుంటుందని నమ్మిన అధికారి. 1859లో ఆయనే మద్రాసు గవర్నరుగా వచ్చాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆయన ఏలుబడిలోవి. ఆయన ఏడాదికే వెనక్కి పోయినా ఆ సిద్ధాంతం పోలేదు. 1876-78 నాటి ధాత కరువులో పనిచేసే మగవాడి కూలిని రోజుకు పౌను ధాన్యం లెక్కకు దించిన రిచర్డ్ టెంపుల్‌దీ అదే బడి. ఐర్లండు చరిత్ర మనకు పరాయిది కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ రొట్టెను మా ఇంట్లో చేసి చూశాను. 450 గ్రాముల మైదాలో చెంచాడు ఉప్పు, చెంచాడు సోడా కలిపి, బాగా పులిసిన మజ్జిగ 400 మిల్లీలీటర్లకు కాస్త తక్కువగా పొయ్యాలి. మజ్జిగ పులుపు సోడాకు తగలగానే వాయువు పుడుతుంది, పిండి చేతికిందే ఉబ్బుతుంది. అందుకే ఆలస్యం పనికిరాదు. చపాతీపిండిలా మర్దించడం అసలే పనికిరాదు, రొట్టె రాయవుతుంది. ముద్ద చేసి పైన లోతుగా అడ్డంగా, నిలువుగా రెండు గాట్లు పెట్టి 200 డిగ్రీల వేడిలో 40, 45 నిమిషాలు కాల్చాలి. అడుగున తట్టితే డొల్లగా మోగాలి. ఆ శిలువ గాటు లోపలి దెయ్యాలు పోవడానికని అక్కడి అవ్వలు చెబుతారట. నడిమి పిండికి వేడి అందడానికని వంట తెలిసినవాళ్లు అంటారు. గాటు పెట్టిన చెయ్యి మాత్రం ఒక్కటే. ఉత్తరాదిన దీన్నే నాలుగు ముక్కలు చేసి పెనంమీద కాలుస్తారు.

అమెరికాకు వలసపోయినవారి సంతతి ఇందులో చక్కెర, గుడ్డు, ఎండుద్రాక్ష వేసింది. ఇది కల్తీ అని శుద్ధవాదుల ఆక్షేపణ. కూలి డబ్బు చేతిలో ఆడిన ఇంట్లో ద్రాక్షపండు పడటం కల్తీ అయితే, లెబ్లాంక్ సోడా పడిననాడే అది కల్తీ అయి ఉండాలి. ఇక స్వదేశంలో 1946లో గ్రామీణ విద్యుదీకరణ మొదలయ్యాక, ఊరి తర్వాత ఊళ్లో, బాస్టిబుల్ నిప్పుమీంచి దిగిపోయింది.