నీటిని ఇష్టపడే పొర కోసం

వడపోత పొరల చరిత్రంతా మూడు ప్రశ్నల చుట్టూ తిరిగింది. రంధ్రం ఎంత ఉండాలి? పొర ఎంత పలచగా ఉండాలి? దానికి నీటితో పొత్తు ఎలా కుదరాలి? లోహ ఆక్సైడ్ నానో కణాలు రంగంలోకి దిగింది మూడో ప్రశ్న దగ్గరే.

మొదటి ప్రశ్నకు 1907లో జర్మన్ శాస్త్రవేత్త బెక్‌హోల్డ్ దారి చూపాడు. కొలోడియన్ అనే జిగట ద్రావణం గాఢత మారుస్తూ వేర్వేరు సైజు రంధ్రాలున్న పొరలు తయారుచేశాడు. రెండో ప్రశ్నను లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లోబ్, భారతదేశం నుంచి వెళ్లిన సౌరిరాజన్ 1960 ప్రాంతంలో పరిష్కరించారు. వారి సెల్యులోజ్ అసిటేట్ పొరలో పైభాగం అతి పలుచన, కింది భాగం గుల్ల. 1970లలో కాడోట్ అనే పరిశోధకుడు ఆ రెండింటినీ వేరు చేసి, పాలిసల్ఫోన్ మీద పాలిఎమైడ్‌ను పరిచాడు. నేడు మన ఊళ్ల ఆర్‌ఓ ప్లాంట్లలో వాడేది ఆ తరహా పొరే.

అయితే పాలిసల్ఫోన్ వంటి గట్టి పాలిమర్లకు నీరంటే పడదు. నూనె, ప్రోటీన్లు వాటికి ఇట్టే అంటుకుంటాయి. పొర పూడుకుపోయేకొద్దీ ఒత్తిడి పెంచాలి, మాటిమాటికీ కడగాలి. పాలిఎమైడ్‌నైతే క్లోరిన్‌తో కడగడానికీ లేదు, అది పాడైపోతుంది.

ఇక్కడే లోహ ఆక్సైడ్ నానో కణాలు అక్కరకొస్తాయి. వాటి ఉపరితలం మీది హైడ్రాక్సిల్ సమూహాలు నీటిని పట్టి ఉంచుతాయి. ఆ నీటిపొర అడ్డు నిలవడంతో మురికి సులువుగా అంటదు. టైటానియం డయాక్సైడ్‌కు ఇంకో గుణముంది. అతినీలలోహిత కాంతి తగిలితే అది బాక్టీరియాను చంపుతుంది. వెలుగులో ఈ పదార్థం రసాయన చర్యలు నడపగలదని శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లోనే లోకానికి చూపారు. 2001లో దక్షిణ కొరియా పరిశోధకులు ఆ పదార్థాన్ని ఆర్‌ఓ పొరపైకి తెచ్చారు. 2007లో లోబ్ పనిచేసిన విశ్వవిద్యాలయమే జియోలైట్ అనే గుల్ల ఖనిజపు నానో కణాలను పాలిఎమైడ్‌లోనే ఇమిడ్చింది. అక్కడి పరిశోధన నుంచి పుట్టిన నానోహెచ్‌2ఓ కంపెనీని 2014లో ఎల్‌జీ కెమ్ కొనుక్కుంది.

చిక్కులూ తక్కువేమీ కాదు. మోతాదు మించితే కణాలు ముద్దకట్టి రంధ్రాలను మూసేస్తాయి, పొర పెళుసుబారుతుంది. కణాలు నీటిలోకి జారిపోవచ్చు. బాక్టీరియాను చంపే చర్యే పాలిమర్‌నూ కొరకగలదు. అందుకే ప్రయోగశాలలో మెరిసినవన్నీ మార్కెట్‌కు రాలేదు.

గట్టిగా నిలిచినవాటిలో ఒకటి 1990లలో బెల్జియంలోని వీటో పరిశోధన సంస్థలో రూపుదిద్దుకున్న జిర్ఫాన్ అనే పొర. అందులో జిర్కోనియం ఆక్సైడ్ చిటికెడు కాదు, బరువులో సింహభాగం దానిదే. పాలిసల్ఫోన్ దాన్ని పట్టి ఉంచే బంధకం మాత్రమే. అయితే ఆ పొరకు పేరు తెచ్చింది మంచినీరు కాదు, నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్లు.