మత్తుకు ముందు పస్తు ఎందుకు?

మత్తులో జ్ఞానదంతం తీయించుకొనడానికి నల్లమాడ నుండి పట్టణానికి పోయేవారిని, ఆరు గంటల ముందునుండి అన్నం ముట్టవద్దంటారు. ఎందుకు?

1848లో ఇంగ్లండులో, కాలిగోటి చికిత్సకు క్లోరోఫారం పీల్చిన పదునైదేండ్ల బాలిక మరణించింది. మత్తులో ముందు ఆగేది ఊపిరా, గుండెయా అనే వివాదం బయలుదేరింది. ఊపిరినే కనిపెట్టవలెనన్నాడు హైదరాబాదు సర్జన్ ఎడ్వర్డ్ లారీ. నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణతో 1888, 1889లలో జరిగిన క్లోరోఫారం కమిషన్లు రెండూ జంతువులపై ప్రయోగాలు జరిపి, ఆయన మాటనే బలపరిచాయి. కాని తేలిక మత్తులో గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని 1911లో లెవీ పిల్లులపై నిరూపించాడు.

అందుచేత నేడు వైద్యులు రెండింటినీ కనిపెడతారు. పస్తు మాత్రం ఊపిరి రక్షణ కొరకే. మత్తులో దగ్గే శక్తి మందగిస్తుంది. కడుపులోని ఆహారం పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి జారవచ్చును.